హెచ్-1బి: లక్ష డాలర్లు ఒక ఎత్తు, జీతం మెట్టు ఒక ఎత్తు

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హెచ్-1బి వీసాపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పటి నుంచి మన బళ్లారి తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ: పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపాలా, వద్దా? ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం బంధువులు తలా ఒక మాట చెబుతారు. హైదరాబాద్ కన్సల్టెన్సీ ఇంకో మాట చెబుతుంది. బ్యాంకులో అప్పు పత్రాలపై సంతకం పెట్టేది మాత్రం తల్లిదండ్రులే. కాబట్టి ఏ నిబంధన ఎవరికి తగులుతుందో విడదీసి చూడాలి.

ముందుగా రుసుము. రూపాయల్లో 85 లక్షలు దాటే ఈ మొత్తాన్ని ఉద్యోగం ఇచ్చే కంపెనీ కట్టాలి. 12 నెలల గడువుతో వచ్చిన ఈ ఉత్తర్వును పొడిగించే వీలూ ఉంది. ఇది ఎవరికి వర్తిస్తుందో అక్టోబరు 20న అమెరికా ఇమిగ్రేషన్ శాఖ వివరణ ఇచ్చింది. అమెరికా బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివారి కోసం వేసే కొత్త పిటిషన్లకే రుసుము. అక్కడే స్టూడెంట్ వీసాపై ఉండి హెచ్-1బికి మారేవారికి, గడువు పొడిగించుకునేవారికి లేదు. అంటే బెంగళూరు ఉద్యోగం నుంచి నేరుగా వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. చదువు దారి తెరిచే ఉంది. అయితే స్టేటస్ మార్పు దరఖాస్తు తేలకముందే దేశం దాటి వస్తే రుసుము మీద పడవచ్చు. అక్కడున్న పిల్లలు ఇంట్లో పెళ్లికైనా సరే, లాయరును అడిగాకే టికెట్ కొనాలి.

అసలు చిక్కు లాటరీలో ఉంది. ఏటా ఉండే వీసాలు 85,000. ఇన్నాళ్లూ అందరి పేరూ ఒకసారే వేసేవారు. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనతో జీతాన్ని నాలుగు మెట్లుగా చూస్తారు. పై మెట్టులో ఉన్నవారి పేరు నాలుగుసార్లు, కింది మెట్టువారి పేరు ఒక్కసారి వేస్తారు. మొదటి మెట్టువారికి అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని ఆ ప్రభుత్వమే అంచనా వేసింది. చదువు ముగించి తొలి ఉద్యోగంలో చేరే మన పిల్లలు ఎక్కువగా ఉండేది కింది మెట్లలోనే.

సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికి ఓపీటీ కింద మూడేళ్లు అక్కడ పనిచేసే వీలుంది. లాటరీ తగలకపోతే ఆ తర్వాత తిరిగి రావాల్సిందేనని అనుకుని లెక్క వేసుకోండి. మూడేళ్ల జీతంలో మిగిలింది, ఆపైన బెంగళూరు జీతం కలిపితే అప్పు తీరుతుందా? తీరితే పంపండి. పొలం తాకట్టు పెడితే తప్ప లెక్క కుదరకపోతే ఆగి ఆలోచించండి.

ఇంటర్వ్యూ నియమాలూ బిగిశాయి. 2025 జూన్ నుంచి విద్యార్థులు, డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి. సెప్టెంబరు 6 నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకు వెళ్లాలి. స్లాట్ త్వరగా దొరుకుతుందని దుబాయ్ వెళ్లే పద్ధతి ఇక నడవదు.

కన్సల్టెన్సీ మెట్లెక్కినప్పుడు ‘వీసా వస్తుందా?’ అని అడిగితే ఎవరైనా వస్తుందనే అంటారు. ‘ఈ కోర్సు చేసినవారికి తొలి ఉద్యోగం ఏ జీతం మెట్టులో వస్తోంది?’ అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఫీజు కట్టకుండా లేచి రండి.