గేరుపెట్టె నూనె ఎవరు మార్చాలి?

1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమెరికావారు తెచ్చిన క్లచ్చి పెడలు లేని వేడుక, యిప్పుడు మా అమలాపురం వీధుల్లోనూ తిరుగుతోంది. "ఇంజను నూనె మనమే మార్చుకుంటున్నాం గదా, గేరుపెట్టె నూనె మార్చలేమా?" అంటారు మిత్రులు. కూలి మిగిలే మాట నిజమే. కాని దీని లెక్క వేరు.

ఈ నూనె ఉత్త కందెన కాదు. వత్తిడితో గేర్లు మార్చేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. అడుగు బిరడా విప్పితే అంతా కారదు. చాలాభాగం టార్క్ కన్వర్టరులోనే ఉండిపోతుంది. ఎన్నో కార్లకు కొలపుల్లే లేదు. బండిని సమంగా ఎత్తి, ఇంజను నడుస్తూండగా, నూనె వేడి చూసి మట్టం తేల్చాలి. పైగా సి.వి.టి.కి ఒక నూనె, మామూలు ఆటోమేటిక్కుకు మరొకటి. మారితే పెట్టెకే ముప్పు.

అందుకే నా ఓటు షాపుకే. అయితే పక్కనే నిలబడి, ఏ నూనె, ఎన్ని లీటర్లు, మట్టం ఎలా చూస్తావని మేస్త్రీని అడగండి. చెప్పలేనివాడికి బండి అప్పగించకండి. 2022 జూలైలో లంకలను ముంచినటువంటి వరదలో బండి మునిగితే, స్టార్టు చేయకుండా లారీమీద చేర్పించండి. నీరు కలిసిన నూనె పాలు కలిపినట్టుంటుంది.

ఇంట్లోనే మారుస్తామంటారా? తీసిన నూనె డబ్బాకెత్తి షాపులో ఇవ్వండి. కాలవలో మాత్రం పోయకండి. దిగువ ఊళ్ళ వరిచేలకు ఆ నీరే గదా!