పాలకొల్లు టోన్‌కి ప్రీసెట్ ఏదీ?

మా హాస్టల్లో గిటార్ ఉన్న ప్రతివాడికీ ఒక దేవుడుంటాడు. ఒకడికి డేవిడ్ గిల్మోర్, ఇంకొకడికి స్లాష్, మా సీనియర్ ఒకాయనకి బ్రయాన్ మే. ఆ దేవుడి టోన్ రప్పించడానికి వీళ్ళు పడే పాట్లు చూడాలి. ప్రాసెసర్ కొనడం, ప్రీసెట్లు దించుకోవడం, రాత్రి రెండింటిదాకా నాబ్‌లు తిప్పి పక్క రూమువాణ్ణి లేపి మరీ వినిపించడం. తప్పేం లేదండీ. కంప్రెసర్ ఏం చేస్తుందో, ఈక్వలైజర్ ఎందుకో మావాళ్ళకి తెలిసింది క్లాసులో కాదు, ఇలా తిప్పితిప్పే.

నా గొడవల్లా ఒకటే. గోదావరి నీళ్ళు తాగుతూ తయారుచేసిన ఈ దేవుళ్ళ లిస్టులో పాలకొల్లు ఎందుకు లేదు?

పాలకొల్లు అనగానే మనకి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు గుర్తొస్తారు. 1969లో అక్కడే పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, అదే మాండొలిన్ శ్రీనివాస్, మాత్రం "తాతగారు వినే కచేరీ" ఖాతాలో పడిపోయారు. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ అని మా బ్యాండ్‌లో ఒకడికి చెబితే నమ్మలేదు. పికప్, కేబుల్, యాంప్లిఫయర్, అన్నీ మనవే కదా మరి! బ్రయాన్ మే వాళ్ళ నాన్నతో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో గిటార్ చేసుకున్న కథ మనకి కంఠతా వచ్చు. మనవాడు వాయిద్యాన్నే మార్చేసుకున్న కథ రాదు.

ఆ మార్పు ఏంటో చూడండి. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. జంటలో రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి. గమకం కోసం తీగని లాగితే రెండూ సరిగ్గా ఒకేలా సాగవు. ఒకటి 440 హెర్ట్జ్ దగ్గర, ఇంకొకటి 443 దగ్గర ఉంటే సెకనుకి మూడు బీట్స్ వినబడతాయి. ఫస్టియర్ ఫిజిక్సే. పైగా మీటిన స్వరం టక్కున చచ్చిపోతుంది, రాగాన్ని సాగదీయడానికి ఊపిరి ఉండదు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గుల్ల డొక్క బదులు గట్టి చెక్క, దానికి పికప్. తీగ శక్తిని గుల్ల డొక్క తొందరగా గాలిలోకి పంపేస్తుంది, గట్టి చెక్క అంత తొందరగా లాక్కోదు. అందుకే స్వరం నిలబడుతుంది. వాల్యూమ్ సంగతి యాంప్ చూసుకుంటుంది. పక్కన డోలు మోగుతున్నా మాండొలిన్ వినబడాలి కదా!

అయితే నాకు అన్నిటికంటే నచ్చేది వేరే విషయం. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు దాన్ని తీగ మీదకి తెచ్చుకునేవాడు. అంటే కాపీ కొట్టడానికి ముందు ఇంకో మాండొలిన్ రికార్డింగ్ లేదు, మనిషి గొంతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆ పిల్లాడికి తొమ్మిదేళ్ళు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటారిస్టు రిమెంబర్ శక్తిలో పక్కన కూర్చోబెట్టుకుని వాయించారు. ఆ రికార్డింగులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇద్దరివీ ఎలక్ట్రిక్ తీగలే, ఏది ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది.

మా ఫెస్టుల్లో బ్యాండ్‌కి మార్కులు పడేది "అచ్చం ఒరిజినల్‌లా ఉంది" అన్నప్పుడే. సరే, అచ్చం దించడమే పోటీ అయితే ఈ టోన్ దించండి చూద్దాం. ఇదేం పెద్ద ఖర్చు కాదు. గిటార్ తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, మామూలు మాండొలిన్‌ది 35. గిటార్ మొదటి మెట్టు మూడున్నర సెంటీమీటర్ల పైనే, మాండొలిన్‌ది రెండే. వేలు అంగుళం జారిస్తే ఇక్కడా అక్కడా ఒకే దూరం పోదన్నమాట. పదో మెట్టు మీద కేపో బిగించండి, మిగిలే తీగ 36 చిల్లర. డిస్టార్షన్ ఆపేసి, క్లీన్ చానెల్లో, కాస్త కంప్రెసర్ పెట్టి మాయామాళవగౌళ సరళీ స్వరాలు జారుతో వాయించి చూడండి. రంగు కొంత వస్తుంది. రిషభం దగ్గర ఊపు రాదు, దానికి నాబ్ లేదు. అప్పుడు ఏం చేయాలో మా సంగీతం మేడమ్ ఒక్క మాటలో చెప్పేశారు: "ముందు పాడవోయ్."

2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ళకే ఆయన పోయారు. ఆ వాయిద్యం లోపల ఏముందో, ఆ వేళ్ళు ఏం చేసేవో అడిగి తెలుసుకునే అవకాశం మన బ్యాచ్‌కి లేదు. రికార్డింగులు మాత్రం బోలెడున్నాయి. ఈసీఈ వాళ్ళు ఒక ఆలాపన తీసుకుని స్పెక్ట్రోగ్రామ్ గీస్తే గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కంటికి కనబడుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని ఏడ్చేవాళ్ళు మా బ్రాంచిలోనే పదిమంది ఉన్నారు. శనివారం సాయంత్రం క్లబ్ రూములో ఉంటాను, కేపో నాది. పాత మాండొలిన్ ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పట్టుకురండి, తీగలు తెగిపోయినా పర్లేదు.