ఎడ్మంటన్ వెళ్తున్న పెద్దలకు

గత శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుండగా ఒక పెద్దమనిషి మా చేయి పట్టుకున్నారు. కొల్లాపూర్ బజారులో ఆయనను ఎరగనివారు ఉండరు. "మౌల్వీసాబ్, వచ్చే నెల మేమిద్దరం కొడుకు దగ్గరికి ఎడ్మంటన్ పోతున్నం. మీరు పోయొచ్చిండ్రు గద. ఆడ చూసేటివి ఏమన్న ఉన్నయా, లేకపోతే ఇంట్ల కూసొని రావుడేనా?" అని అడిగారు.

ఆ ప్రశ్నలోని రెండో సగమే మమ్మల్ని ఈ నెల ఈ విషయం రాయడానికి పురికొల్పింది. ఎందుకంటే ఇంట్లో కూర్చొని రావడమంటే ఏమిటో మాకు తెలుసు. కూర్చున్నది మేము కాదు, మా ఇంటివారు.

2024 జూన్‌లో, మా ప్రాంతంలో మామిడి కోతలు ముగిసిన తరువాత, కుమార్తె రెండవ కాన్పు నిమిత్తం మేమిద్దరం ఎడ్మంటన్ వెళ్ళాము. మొదటి మూడు వారాలు అల్లుడు పనికి వెళ్తూ ప్రతి ఉదయం మమ్మల్ని మసీదు దగ్గర దించేవాడు. అక్కడ హైదరాబాదు వారు, లాహోరు వారు, సోమాలియా వారు పరిచయమయ్యారు. కబుర్లతో కాలం సుఖంగా గడిచింది. ఒక రాత్రి మా మరదలు కొల్లాపూర్ నుంచి ఫోను చేసి, "అక్కా, ఏమేం చూసినవు?" అని అడగడం మా చెవిన పడింది. "కిటికీ చూసిన. కిటికీలకెల్లి ఎదురింటి గ్యారేజీ తలుపు చూసిన. రోజుకు రెండుసార్లు తెరుచుకుంటది" అని మా ఇంటివారు నవ్వుతూ సమాధానమిచ్చారు. ఆ నవ్వులో మాపై ఫిర్యాదేమీ లేదు. అందువల్లనే మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఇతరుల హక్కుల గురించి పాఠం చెబుతున్న మనిషికి, తన పక్కనున్న మనిషి మూడు వారాలుగా గడప దాటలేదని ఫోనులో తెలిసింది.

మరుసటి రోజు నుంచి వారానికి మూడు దినాలు బయటికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఆ తిరుగుళ్ళలో తెలిసినవే ఇక్కడ రాస్తున్నాము.

ఎడ్మంటన్ ఆల్బర్టా రాష్ట్రానికి రాజధాని. నగరం నడుమ లోతైన లోయలో ఉత్తర సస్కాచివాన్ నది పారుతుంది. పడమటి పర్వతాల మంచు కరిగి పుట్టిన నది అది. లోయ పొడవునా కాలిబాటలు, చెట్లు, బల్లలు. టికెట్టు లేదు, కాపలా లేదు. మన కృష్ణను చూసిన కళ్ళకు ఆ నది చిన్నదే. "దీన్ని ఇక్కడ నది అంటరా?" అని మా ఇంటివారు అడగనే అడిగారు. శీతాకాలంలో అది గడ్డకట్టి మనుషులను మోస్తుందని అల్లుడు చెప్పాక కాసేపు మౌనంగా దానివైపు చూస్తూ ఉండిపోయారు. జూన్, జూలై నెలల్లో ఆ లోయలో దోమలు మాత్రం మన వానాకాలపు దోమలను మరిపిస్తాయి. పొడవు చేతుల దుస్తులు ఎలాగూ మన అలవాటే కనుక సగం రక్షణ దొరికినట్టే.

మన దేశాల వారు ఎక్కువగా ఉండేది నగరానికి ఆగ్నేయాన ఉన్న మిల్ వుడ్స్ ప్రాంతంలో. హలాల్ మాంసం, జొన్నపిండి, కరివేపాకు అక్కడ దొరుకుతాయి. 2023 నవంబరు నుంచి అక్కడి నుంచి నగరం నడిబొడ్డుకు నేరుగా రైలు నడుస్తున్నది. ఇంగ్లీషు రానివారు కూడా ఒకసారి పిల్లలతో వెళ్ళి చూసుకుంటే, రెండవసారి తామే వెళ్ళి రాగలరు. ఎక్కే స్టేషను పేరు, దిగే స్టేషను పేరు, ఇంటి చిరునామా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటే చాలును. మా ఇంటివారు ఆ కాగితాన్ని బుర్ఖా లోపలి జేబులో పెట్టుకొని, ఆగస్టు నాటికి మా తోడు లేకుండానే మనవణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళి రాసాగారు.

ఆ రైలు దారిలోనే మట్టార్ట్ అనే స్టేషను వస్తుంది. దిగితే నాలుగు గాజు పిరమిడ్లు కనిపిస్తాయి. 1976లో కట్టిన మొక్కల శాల అది. ఒకదానిలో ఎడారి మొక్కలు, ఒకదానిలో సమశీతల ప్రాంతాల మొక్కలు, ఇంకొకదానిలో మనలాంటి ఉష్ణదేశాల మొక్కలు. నాలుగవదానిలో కాలాన్ని బట్టి పూల అలంకరణ మారుస్తారు. లోపలికి రుసుము ఉంది. అయినా వెళ్ళండి. ముఖ్యంగా చలికాలంలో వెళ్ళినవారు తప్పక వెళ్ళండి. బయట మంచు కురుస్తుండగా లోపల తడిమట్టి వాసన పీల్చుకోవడం ఎలాంటిదో ఊర్లో ఉండి ఊహించలేము. మా ఇంటివారు అక్కడ అరటి ఆకును వేళ్ళతో తడిమి చూశారు. తాకకూడదేమోనని మేము కంగారుపడ్డాము.

నది మీద 1913 నాటి ఎత్తైన ఇనుప వంతెన ఉంది. వేసవిలో దాని పై అంతస్తు మీదుగా పాతకాలపు ట్రాము బండి నడుపుతారు. కిందికి చూస్తే గుండె జారుతుంది. మనవడికి మహా సరదా. వంతెనకు సమీపంలోనే శాసనసభ భవనం. దాని ముందరి నీటి తొట్లలో వేసవి అంతా పిల్లలు ఆడుతూ ఉంటారు. పెద్దలు నీడన కూర్చోవచ్చు. ఒక రాష్ట్ర శాసనసభ ముందు పసిపిల్లలు కేరింతలు కొట్టడం మాకు వింతగానూ, ఇంపుగానూ తోచింది.

ఇక అసలు చూడవలసినది.

నగరపు నైరుతి దిక్కున, నది ఒడ్డున ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కు ఉంది. పాత కాలపు వీధులను, ఇళ్ళను తెచ్చి నిలబెట్టిన ప్రదేశం. ఆవిరి రైలులో ఎక్కించి తిప్పుతారు. ముఖ్యంగా వేసవిలోనే తెరిచి ఉంచుతారు కనుక తేదీలు చూసుకొని వెళ్ళాలి. ఆ వీధులలో ఒకచోట చిన్న ఇటుక కట్టడం, రెండు పొట్టి మినార్లు కనిపిస్తాయి. అది అల్ రషీద్ మసీదు. కెనడా దేశంలో కట్టిన మొట్టమొదటి మసీదు.

దాని కథ ఒక ఇల్లాలితో మొదలవుతుంది. లెబనాన్ నుంచి వలస వచ్చిన హిల్వీ హమ్దాన్ అనే ఆమె, జంతుచర్మాల వ్యాపారి భార్య. 1930లలో ఎడ్మంటన్‌లో ముస్లిం కుటుంబాలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే. ఆమె మరికొందరు స్త్రీలను వెంటబెట్టుకొని నగర మేయరు జాన్ ఫ్రై వద్దకు వెళ్ళి మసీదుకు స్థలం అడిగారు. స్థలం సరే, కట్టడానికి డబ్బు చూపమన్నారు. ఆర్థికమాంద్యం రోజులు అవి. ఆ స్త్రీలు వీధిలోని దుకాణాలన్నీ తిరిగారు. ముస్లింలే గాక క్రైస్తవులు, యూదులు కూడా చందాలు ఇచ్చారు. మసీదు కట్టిన మేస్త్రీ ఉక్రెయిన్ వంశీకుడైన క్రైస్తవుడు. అతనికి తెలిసినది చర్చి. అందుకే ఆ మసీదు దూరం నుంచి చూస్తే కొంత చర్చిలా ఉంటుంది. 1938 డిసెంబరు 12న దాని ప్రారంభోత్సవానికి హాజరైనవారిలో ఖుర్ఆన్ ఆంగ్లానువాదకుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ ఉన్నారు. మన మదరసా అల్మారాలో ఆ అనువాద ప్రతి ఉంది. ఆయన అంత దూరం, అంత చలిలో అక్కడ నిలబడ్డారన్న సంగతి మాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు.

1940లలో ఆ మసీదును ఉన్నచోటు నుంచి లేపి మరొక చోట ఉంచారు. 1980లలో కొత్త మసీదు కట్టుకున్నాక పాతది ఖాళీ అయింది. పక్కనున్న ఆసుపత్రికి స్థలం కావలసివచ్చి, కూల్చివేయాలన్న మాట వచ్చింది. మళ్ళీ స్త్రీలే ముందుకు వచ్చారు. కెనడా ముస్లిం మహిళా మండలి వారు చందాలు పోగుచేసి, అధికారులతో వాదించి, మొత్తం కట్టడాన్ని బండి మీద ఎక్కించి ఈ పార్కుకు తెప్పించారు. 1992లో తిరిగి తెరిచారు. నేడు ఆ నగరంలో ఒక ప్రభుత్వ బడికి హిల్వీ హమ్దాన్ పేరు ఉంది.

మా మనవడికి ఏడేళ్ళు. మసీదు బండెక్కిందని వినగానే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "నానా, మీ ఊర్లో కూడా మసీదును బండెక్కిస్తరా?" అని అడిగాడు. మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము.

కొల్లాపూర్ ప్రాంతపు పాఠకులకు వివరించనక్కరలేదు. మిగిలిన వారికోసం రాస్తున్నాము. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా తీరాన ఊళ్ళకు ఊళ్ళు మునిగిపోయాయి. సోమశిల వద్ద పురాతన ఆలయాలను రాయి రాయిగా విప్పి ఎత్తైన చోట తిరిగి నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. అది మెచ్చదగిన పనే. మా అమ్మీ పుట్టిన ఊరి మసీదు మట్టిగోడల మీద సున్నం పూసిన చిన్న గది. దానికి శిల్పం లేదు, శాసనం లేదు. దానిని ఎవరూ విప్పలేదు. దాని వెనుకనే ఖబరస్తాన్. మా నానా, మా నానీ అందులోనే ఉన్నారు. సమాధులను ఎలా మోయగలరు? అప్పుడు మేము చిన్నవాళ్ళము. ఎద్దులబండి కదులుతుండగా అమ్మీ తలుపులు, దూలాలు లెక్కపెట్టుకోవడం, చివరకు బండి దిగి వెనక్కి పరుగెత్తి పిడికెడు మట్టి కొంగున కట్టుకు రావడం మాకు గుర్తుంది.

ఆ మాటలు మనవడికి చెబుతుంటే మా ఇంటివారు మసీదు లోపల ఒక మూల నిలబడి రెండు రకాతులు చదువుకున్నారు. సలాం తిప్పిన తరువాత ఆ గోడ మీద చేయి ఆనించి, "నలుగురు ఆడోళ్ళు పోయి అడిగిండ్రు, చూడుండ్రి" అన్నారు.

వెస్ట్ ఎడ్మంటన్ మాల్ గురించి ఎవరైనా మొదట చెబుతారు కనుక మేము చివరన చెబుతున్నాము. ఎనిమిది వందలకు పైగా దుకాణాలు. ఒకసారి చూడండి. రెండవసారి కాళ్ళే వద్దంటాయి. దానికంటే, నగరానికి తూర్పున కారులో గంటలోపే చేరగల ఎల్క్ ఐలండ్ అనే జాతీయవనం మేలు. అడవి దున్నలు గుంపులుగా రోడ్డు పక్కనే మేస్తుంటాయి. కారు దిగి దగ్గరికి పోరాదు. జాస్పర్ పర్వతాలకు వెళ్ళగలిగితే అదృష్టమే, కానీ అది నాలుగు గంటల దారి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి.

నమాజు సంగతి. మన ఊర్లో ఖిబ్లా పడమరకు. అక్కడ ఉత్తరానికి, కొంచెం తూర్పు మొగ్గుతో. భూమి గుండ్రన కనుక దగ్గరి దారి ధ్రువం మీదుగా పోతుంది. మొదటి పూట మా శరీరం ఒప్పుకోలేదు. పాదాలు వాటంతట అవే పడమటికి తిరిగాయి. ఇక జూన్ నెలాఖరున సూర్యాస్తమయం రాత్రి పది దాటాక, సూర్యోదయం అయిదు గంటలకు. ఆ నడుమ ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఇషా, ఫజ్ర్ వేళల విషయంలో ఉలమాలు అంచనా పద్ధతులు అనుసరించారు. ఒక్కో మసీదు పట్టిక ఒక్కోలా ఉండవచ్చు. మీ ఇంటివారు వెళ్ళే మసీదు పట్టికనే పాటించండి, ఫోనులోని యాప్ పట్టుకొని అల్లుడితో వాదించకండి. (మేము వాదించాము. ఓడిపోయాము.) పదిహేను రోజులు, అంతకు మించి అక్కడే ఉండే ఉద్దేశంతో వెళ్ళినవారు హనఫీ మతం ప్రకారం పూర్తి నమాజే చేయాలి. ఎల్క్ ఐలండ్ ప్రయాణ దూరం కిందికి రాదు. జాస్పర్ వస్తుంది, అక్కడ కసర్ చేసుకోవచ్చు.

వెంట తీసుకెళ్ళవలసినవి కొన్నే. చిన్న లోటా ఒకటి తప్పనిసరి, అక్కడి మరుగుదొడ్లలో నీటి ఏర్పాటు ఉండదు. మందుల చీటీలు ఇంగ్లీషులో రాయించుకోండి. ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కకండి. ఫోను చేసేటప్పుడు వేసవిలో మనకూ వారికీ పదకొండున్నర గంటల తేడా ఉంటుందని ఊర్లోని బంధువులకు ముందే చెప్పి ఉంచండి.

పిల్లలకు ఒక మాట. తల్లిని పిలిపించుకున్నది మీ బిడ్డను చూసుకోవడానికే కావచ్చు, తప్పు లేదు. వారానికి ఒక దినం ఆమె చేతిలోని బిడ్డను మీరు ఎత్తుకోండి. రైలు టికెట్టు ఎలా తీయాలో ఆమెకే నేర్పండి, తండ్రికి మాత్రమే కాదు.

మసీదు మెట్ల మీద ఆ పెద్దమనిషికి ఇంత చెప్పే వీలు లేకపోయింది. ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కు పేరు మాత్రం ఆయన చీటీ మీద రాసి ఇచ్చి, బీబీగారికే ఇవ్వమన్నాము.

మా మనవడు వచ్చే సెలవుల్లో కొల్లాపూర్ వస్తున్నాడు. మునిగిన మసీదు చూపించమని ఫోనులో పట్టుబడుతున్నాడు. మే నెలలోనే రమ్మన్నాము. అప్పటికి నీరు తగ్గుతుంది. అంతకుముందు ఏడు బాగా తగ్గినప్పుడు గోడల మొదళ్ళు, ఒక పక్క మెట్టు కనిపించాయి. పడవ ఎక్కవలసివస్తే ప్రాణరక్షక కోటు లేనిదే ఎక్కించవద్దని అల్లుడు ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించాడు. 2007లో ఈ నీటిలోనే జాతరకు వెళ్తున్న పడవ మునిగిన సంగతి అతనికి ఎవరో చెప్పారట. కోటు ఒకటి అక్కడి నుంచే తెస్తానంటున్నాడు. మా ఇంటివారికి కూడా ఒకటి తెమ్మన్నాము.