టికెట్ మీద లేని దూరం

హైదరాబాద్ నుంచి దోహాకు నేరుగా గీత గీస్తే దాదాపు 2,900 కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు, గాలి ఎదురైతే ఇంకో పావుగంట. పైగా పోయేటప్పుడు గడియారం మన వైపే. ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో ఎక్కినవాడు అక్కడి టైం ప్రకారం ఆరు కొట్టేలోపే దిగుతాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ మిగులంతా కక్కించేస్తారనుకోండి.

జగిత్యాల నుంచి అక్కడికి కూలికి పోయేవాడి లెక్క మాత్రం బస్టాండులో మొదలవుతుంది. సికింద్రాబాద్ జేబీఎస్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు ఇంకోటి, మూడు గంటల ముందే లైన్లో నిలబడటం, అవతల దిగాక ఇమిగ్రేషన్, కంపెనీ బండి. గడప దాటి రూములో బ్యాగు దించేసరికి పదిహేను గంటలు దాటుతుంది. అందులో విమానం వాటా నాలుగే.

ఆ రూములున్న లేబర్ సిటీని ఆనుకునే ఏషియన్ టౌన్ ఉంది. ఇండస్ట్రియల్ ఏరియా వైపు, కూలీల కోసమే కట్టిన ఊరది. క్రికెట్ స్టేడియం, సినిమా హాళ్లు, హైపర్‌మార్కెట్, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజీలు. మామూలు రోజుల్లో డ్యూటీ దిగి, వండుకు తిని ఫోను తీసేసరికి రాత్రి తొమ్మిది. ఇక్కడ పదకొండున్నర. పిల్ల నిద్రపోయి ఉంటుంది. వీడియోలో వాళ్లమ్మ కెమెరాను దుప్పటి వైపు తిప్పుతుంది, అంతే. పిల్లతో మాట్లాడాలంటే శుక్రవారం రావాలి. నన్నడిగితే నాలుగు గంటల ప్రయాణం కన్నా రోజూ అడ్డుపడే ఈ రెండున్నర గంటలే ఎక్కువ దూరం.

2018 అక్టోబరు దాకా యజమాని సంతకం లేనిదే చాలామంది కార్మికులకు దేశం దాటే వీలే ఉండేది కాదు. ఆ అడ్డు పోయింది, మంచిదే. ఇప్పుడు అడ్డు టికెట్ ధర. 2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం 1,000 రియాళ్లు. తిండీ వసతీ కంపెనీ చూడకపోతే 300, 500 అదనం. పండగ సీజన్లో రానుపోను టికెట్ నెల జీతాన్ని మింగేసినా ఆశ్చర్యం లేదు. చట్టం ఏడాదికి మూడు వారాలు, ఐదేళ్లు నిండితే నాలుగు వారాలు జీతంతో సెలవు ఇమ్మంటోంది. పని ముగించుకుని వచ్చేసేటప్పుడు టికెట్ కంపెనీదే. ఏటా సెలవుకు వచ్చేటప్పుడు ఎవరిదన్నది ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి. అందుకే రెండేళ్లకోసారి ఊరికి రావడం రివాజైపోయింది.

విదేశీ పనికి ముందస్తు అనుమతి కావలసిన ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాడి ఒప్పందం మన ప్రభుత్వం తన వలసల పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో చూశాకే వాడు విమానం ఎక్కాలి. అంటే కలం మన చేతిలోనే ఉంది. ఏటా సెలవు టికెట్ కంపెనీదేనన్న షరతు లేని కాగితాన్ని వెనక్కి పంపాలి. అలా బిగిస్తే కంపెనీలు నేపాల్‌కో బంగ్లాదేశ్‌కో పోతాయంటారు. పోవచ్చు. కాబట్టి ఖాట్మండునూ ఢాకానూ కలుపుకునే ఈ షరతు పెట్టాలి.