స్క్రైబ్ కోసం వెతుకులాట ఎన్నాళ్లు?

పరీక్షల టైంటేబుల్ రాగానే మిగతా పిల్లలు పుస్తకాలు ముందేసుకుంటారు. చూపులేని విద్యార్థి ఫోను పట్టుకుని తాను చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను వెతుక్కుంటాడు. దొరికినవాళ్లు చివరి నిమిషంలో రాలేమంటారు. వచ్చినవాళ్లకు సబ్జెక్టు తెలియదు. తెలిసి ఉండకూడదు కూడా! సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువగా ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కాపీయింగ్‌ను అడ్డుకోవడానికి పెట్టిన షరతు కాబట్టి తప్పుపట్టలేం. కానీ డిగ్రీ విద్యార్థి చెప్పే అర్థశాస్త్రం జవాబు ఇంటర్ కుర్రాడి చేతిలో ఏ రూపం తీసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. రాత అతనిది, అక్షరదోషాలు అతనివి, తగ్గే మార్కులు మాత్రం చెప్పినవాడివి.

అవే మార్గదర్శకాల్లో అంతగా ఎవరూ పట్టించుకోని మరో మాట ఉంది. పరీక్షను బ్రెయిలీలో రాయాలా, కంప్యూటర్ మీద రాయాలా, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రంతో రాయాలా, జవాబులు రికార్డు చేసి ఇవ్వాలా అన్నది వీలైనంతవరకు అభ్యర్థికే వదిలేయాలని అవి చెప్పాయి. కంప్యూటర్‌ను ముందురోజే సరిచూసుకోనివ్వాలి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. సీబీఎస్ఈ కూడా ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కంప్యూటర్ మీద జవాబులు టైప్ చేసేందుకు అనుమతించింది. అయినా మన పరీక్ష కేంద్రాల్లో స్క్రైబే సర్వసాధారణం. టైపింగ్ నేర్పకుండా కంప్యూటర్‌ను ఎంచుకోమంటే ఎవరు ఎంచుకుంటారు? హక్కు కాగితం మీద ఉంది, దాన్ని వాడుకునే నైపుణ్యం బడిలో దొరకడం లేదు.

చూపులేనివారు టైప్ చేయడం కొత్త టెక్నాలజీ తెచ్చిన ఆలోచన కాదు. టైప్‌రైటర్ చరిత్రలో తొలి అధ్యాయమే చూపులేని మనిషిది. ఇటలీలో పెలెగ్రీనో టుర్రీ అనే ఆయన చూపు కోల్పోయిన కరోలినా ఫాంటోనీ కోసం ఒక రాత యంత్రం తయారుచేశాడు. 1808 ప్రాంతంలో ఆమె దాని మీద రాసిన ఉత్తరాలు కొన్ని నేటికీ మిగిలాయి, యంత్రం మాత్రం మిగల్లేదు. 1897లో ర్యాడ్‌క్లిఫ్ కళాశాల ప్రవేశానికి తొలిదశ పరీక్షలు రాసిన హెలెన్ కెల్లర్, జవాబులను టైప్‌రైటర్ మీద కొట్టి ఇచ్చారు. ఆ చప్పుడు మిగతా అమ్మాయిలకు ఇబ్బందని ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టారు. చూపూ వినికిడీ రెండూ లేని అమ్మాయికి ఆనాడు చేయగలిగిన ఏర్పాటు, ఈనాటి పదో తరగతి విద్యార్థికి చేయలేమంటే నమ్మేదెలా?

మన ఊళ్లలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవారికి అక్కడి మొదటి సూత్రం గుర్తుండే ఉంటుంది: కీబోర్డు వైపు చూడకూడదు. ఈ విద్యకు కళ్లతో పనిలేదు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు తేలి ఉంటాయి, నంబర్ ప్యాడ్‌లో 5 మీద చుక్కో గీతో ఉంటుంది. చూపుడు వేళ్లు ఆ గీతల మీద ఆనితే మిగతా వేళ్లు వాటి చోట్లలో కుదురుకుంటాయి. అక్కడినుంచి పైవరసకు వెళ్లి, మళ్లీ అక్కడికే రావడమే సాధన. నొక్కిన కీ ఏదో, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పలుకుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఒక చూపులేని ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. అందులో ఇన్సర్ట్‌తో పాటు 1 నొక్కితే, ఆ తర్వాత ఏ కీ ముట్టుకున్నా దాని పేరు మాత్రమే చెబుతుంది, మరే పనీ చేయదు. ఏదైనా చెరిగిపోతుందేమోనన్న భయం లేకుండా పిల్లవాడు కీబోర్డంతా తడిమి చూసుకోవచ్చు. నా మాట అడిగితే తొలి పాఠం అదే కావాలి. చెయ్యి పట్టుకుని ఒక్కొక్క కీ నొక్కించే మాస్టారికన్నా ఇది మేలు.

తెలుగు టైపింగ్ విషయానికొస్తే, దాన్ని కష్టమని పక్కనపెట్టడం మనకు అలవాటైపోయింది. నిజానికి విండోస్‌లో తెలుగు కీబోర్డుగా వచ్చే ఇన్‌స్క్రిప్ట్ అమరిక, కీల మీద అక్షరాలు చూసి నేర్చుకునేవారికన్నా చెవితో నేర్చుకునేవారికే బాగా అచ్చివస్తుంది. 1980ల్లో భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందిన ఈ అమరిక మన వర్ణమాల తీరునే అనుసరిస్తుంది. అచ్చులూ గుణింతపు గుర్తులూ దాదాపు అన్నీ ఎడమచేతివి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతివి. క, గ రెండూ కుడి నడిమివేలివే. షిఫ్ట్ తోడైతే ఖ, ఘ వస్తాయి. త, థ, ద, ధ ఉంగరపు వేలివి. ప, ఫ, బ, భ చూపుడు వేలివి. చవర్గమూ టవర్గమూ చిటికెన వేలి వాటా. ఏ వర్గంలోనైనా వత్తక్షరం కావాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి, అంతే. వర్ణమాల నోటికి వచ్చిన పిల్లకు ఈ కీబోర్డు సగం వచ్చినట్టే. క్త రాయాలంటే క, పొల్లు, త అని వరసగా కొట్టాలి కాబట్టి సంయుక్తాక్షరం ఎలా ఏర్పడుతుందో వేళ్లకే తెలిసిపోతుంది. వినికిడి మీదే చదువు సాగించిన పిల్లలు ల-ళ, న-ణ, శ-ష-స దగ్గర తడబడతారు. వాటిని బ్రెయిలీ సరిదిద్దుతుంది, కీబోర్డూ సరిదిద్దుతుంది. రెండూ కావాలి. ఒకటుంటే రెండోది దండగనే వాదన నాకు మింగుడుపడదు.

ఒక హెచ్చరిక. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా నడుస్తున్న అను ఫాంట్ల వంటివి యూనికోడ్ (కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కావు. కంటికి తెలుగులా కనిపించే ఆ పాఠం స్క్రీన్ రీడర్ నోట పడేసరికి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల రొద. ప్రభుత్వ కార్యాలయం పంపే ఫైలు ఆ ఫాంట్లో ఉంటే చూపులేని ఉద్యోగి చేతులు కట్టేసినట్టే. టైపింగ్ నేర్పితే యూనికోడ్‌లోనే నేర్పాలి, కార్యాలయాలు యూనికోడ్‌లోనే రాయాలి.

‘నోటితో చెబితే ఫోనే రాసిపెడుతోంది కదా, ఇంకా టైపింగ్ ఎందుకు?’ అనేవాళ్లున్నారు. సందేశం పంపడానికి అది చాలు. నలుగురు కూర్చునే ఆఫీసులో పాస్‌వర్డు పైకి చదవగలమా? రహస్య నివేదికను గొంతెత్తి చెప్పగలమా? వ్యాసంలో మూడో పేరా రెండో వాక్యంలో ఒక్క మాట మార్చాలంటే బాణం కీలతో అక్కడికి వెళ్లి మార్చడమే మార్గం. ఇంటిపేర్ల దగ్గర వాయిస్ టైపింగ్ చేసే వింతలు అందరికీ తెలిసినవే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధులకు, దృష్టిలోపం ఉన్నవారికి ప్రభుత్వ కొలువుల్లో కనీసం 1 శాతం కేటాయించింది. కొలువులో చేరాక ఫైలు తానే తెరిచి, నోట్ తానే రాయలేకపోతే పై అధికారి పని అప్పగించడు. జీతమిచ్చి ఖాళీగా కూర్చోబెట్టడం ఒకరకమైన వెలివేతే.

2011 జనాభా లెక్కల్లో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు దేశంలో 50 లక్షలకు పైనే. వారిలో కొంత చూపు మిగిలినవారికి ఎదురయ్యే చిక్కు వేరు. పసుపు మీద నల్ల అక్షరాల స్టిక్కర్లు కీల మీద అంటించి ఇస్తే ఉపకారం చేశామనుకుంటాం. పిల్లవాడు ముఖం కీబోర్డుకు ఆనించి ఒక్క వేలితో కొట్టడం అలవాటు చేసుకుంటాడు, మెడనొప్పి అదనం. రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి జబ్బుల్లో చూపు ఏళ్ల తరబడి తగ్గుతూ పోతుంది. మేనరికాలు ఎక్కువగా జరిగిన మన ప్రాంతంలో ఇలాంటి వంశపారంపర్య కంటిజబ్బుల ముప్పు ఎక్కువ. చూపు ఉండగానే చూడకుండా టైప్ చేయడం నేర్పడం వీరికి చేయగల పెద్ద సాయం. తల్లిదండ్రులకు ఈ మాట వినడం కష్టంగా ఉంటుంది, వాయిదా వేస్తారు. కంటి డాక్టరే మొహమాటం లేకుండా చెప్పాలి.

టైపింగ్ పరీక్షల సంగతి కూడా సరిచేయాలి. అచ్చు కాగితం చూస్తూ నిమిషానికి ఇన్ని మాటలు కొట్టాలన్నది పాత కొలమానం. చూపులేని అభ్యర్థి బ్రెయిలీ చదువుతూ కొట్టాలంటే ఒక చెయ్యి చదవడానికే పోతుంది. ఎవరైనా చదివి వినిపిస్తే, ఆ గొంతునూ స్క్రీన్ రీడర్ గొంతునూ ఒకే జత చెవులు మోయాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పాఠం చదివిపెట్టే మనిషిని ఇస్తోంది, మంచిదే. కాపీ కొట్టే వేగం కాక, సొంతంగా ఉత్తరం తయారుచేసే నేర్పును కొలిస్తే మరింత న్యాయంగా ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ముందు చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. అంధుల పాఠశాలల్లోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చేవారికీ మూడో తరగతి నుంచే వారానికి మూడు పీరియడ్లు టైపింగ్‌కు కేటాయించాలి. రిసోర్స్ టీచర్లకు ముందుగా ఇన్‌స్క్రిప్ట్, స్క్రీన్ రీడర్ నేర్పాలి. ఆ తర్వాత పదో తరగతిలో తెలుగు పరీక్ష ఒక్కటైనా కంప్యూటర్ మీద రాసే అవకాశాన్ని, అడిగినవారికి దయగా కాక, దరఖాస్తు ఫారంలోనే ఒక గడిగా పెట్టాలి. స్క్రీన్ రీడర్ ఉచితం. తెలుగు కీబోర్డు విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. వచ్చే విద్యాసంవత్సరం టైంటేబుల్‌లో ఆ మూడు పీరియడ్లు వేయండి.