గాయం మానితే చాలదు, చేతికి పని తిరిగి రావాలి

చేతి గాయం మాని, కట్టు విప్పితే ఇక వైద్యం ముగిసినట్టేనని మన ఇళ్ళల్లో చాలామంది భావిస్తారు. మా ఉద్దేశంలో అప్పటికి సగం వైద్యమే అయినట్టు. ఎముక అతుక్కోవచ్చు, కుట్లు మానవచ్చు. కాని పిడికిలి బిగియకపోయినా, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయినా ఆ మనిషి ఇంకా కోలుకోనట్టే లెక్క.

అశ్వారావుపేట ప్రాంతం చేతి కష్టం మీద బతికే ప్రాంతం. పామాయిల్ తోటల్లో పొడవాటి గెడకు బిగించిన కొడవలితో గెలలు కోయాలి, ముళ్ళ మట్టలు నరకాలి, బరువైన గెలలను ట్రాక్టరుకెత్తాలి. అడవి అంచు పల్లెల్లో వేసవి రాగానే తునికాకు కోసి కట్టలు కడతారు. మన కుటుంబాల్లో దర్జీలు, మెకానిక్కులు, వడ్రంగులు ఎందరో ఉన్నారు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని లెక్కగట్టింది. కత్తెర పట్టే దర్జీకి ఆ నష్టం ముప్పైతోనే ఆగుతుందా?

చేతికి మళ్ళీ పని నేర్పే వైద్యాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. మన దేశంలో ఈ విద్య 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ కృషితో మొదలైంది. ఈ నిపుణులు రోజువారీ పనినే మందుగా వాడతారు. వేళ్ళు వంకరపోకుండా స్ప్లింట్ అమరుస్తారు. వాపు ఎలా తగ్గించుకోవాలో, ఏ వేలిని ఎంతవరకు వంచవచ్చో చూపిస్తారు. మెత్తని ముద్ద పిసకడంతో మొదలుపెట్టి బట్టల క్లిప్పులు, బొత్తాలు, నీళ్ళ చెంబు, చివరికి కత్తెర దాకా అంచెలంచెలుగా తీసుకువెళతారు. పక్షవాతంతో చచ్చుబడిన చేతికి కూడా ఇటువంటి సాధన మేలు చేస్తుంది.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠువ్యాధి వల్ల ముడుచుకుపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో తెరిపించారు. అయితే బాగుపడిన చేతులకు భిక్ష పడటం లేదు, పని ఇచ్చేవారూ లేరని కొందరు రోగులు తిరిగివచ్చి మొరపెట్టుకున్నారు. అందుకే అక్కడ వారికి చేతిపనులు నేర్పే నిలయం ఏర్పడింది. ఆపరేషన్ ఒక్కటే చాలదని ఆనాడే తేలిపోయింది.

మన ఇళ్ళల్లో జరుగుతున్నదేమిటి? జాలితో అన్నం కలిపి నోట్లో పెడతాము, కుర్తా మనమే తొడుగుతాము. కదలని కీళ్ళు నానాటికీ బిగుసుకుపోతాయి. లేదా డాక్టరును అడగకుండానే మాలీషు పేరుతో వేళ్ళను బలంగా లాగుతాము. కొత్తగా కుట్టిన స్నాయువు తెగిపోయే ప్రమాదం ఉంది. విశ్రాంతి ఎన్నాళ్ళు, కదలిక ఎప్పటినుంచి అన్నది వైద్యుడే చెప్పాలి. ఇక వంటింట్లో చెయ్యి కాలిన ఆడపడుచు సంగతి మరీ అన్యాయం. కాలిన చర్మం మానుతూ మానుతూ వేళ్ళను లోపలికి లాగేస్తుంది. ఆమెకు జీతం లేదు కనుక ఆ చేతిని పట్టించుకునేవారు తక్కువ.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే భుజించేవారని హదీసు తెలుపుతోంది. తన వుజూ తాను చేసుకోవడం, నమాజులో చేతులు కట్టుకోవడం, తన ముద్ద తాను తినడం కూడా ఈ వైద్యంలో లక్ష్యాలు కాగలవు. దుఆ చేద్దాం, దవా కూడా చేయిద్దాం.

పట్నానికి పదేపదే తిరగాలంటే చార్జీలు, కూలి రెండూ పోతాయన్న మాట నిజమే. అయితే నిపుణుడు ఒకసారి చక్కగా నేర్పిస్తే చాలావరకు సాధన ఇంట్లోనే సాగుతుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి వారానికి ఒక్కరోజైనా ఈ నిపుణులు అశ్వారావుపేటకు వచ్చేలా చూడాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము. మసీదు కమిటీలు కూడా పేద రోగుల ప్రయాణ ఖర్చు భరించాలి. అర్హులైనవారికి జకాత్ నుంచి ఇవ్వవచ్చు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ తీసుకుని వచ్చేయకండి. ఈ చేత్తో పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా చేయాలి, ఎవరు నేర్పుతారు అని డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. అలా అడగటం రోగి హక్కు, అడిగించటం మన బాధ్యత.