పచ్చిక చుట్టూ గోడ

వెయ్యి అడుగులు దింపినా బోరు తడవని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో 18 హోల్స్ గోల్ఫ్ మైదానం కట్టమనడం అన్యాయమే. కానీ ఉన్న మైదానాల గేట్లు తెరవమనడంలో తప్పేముంది? హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా కోట గోడల నడుమే గోల్ఫ్ ఆడుతున్నారు. అదే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో కొన్నేళ్లకోసారి బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరుగుతుంది. అయినా సభ్యత్వం లేనివాళ్లూ లాటరీలో పేరిచ్చి ఆడొచ్చు. బయటివాళ్లకు ఫీజు భారీగా ఉంటుంది, నిజమే, ఊరివాళ్లకు మాత్రం చవక పాస్ ఉంది. ఆదివారాలు మామూలుగా ఆట ఆపి జనాన్ని నడవనిస్తారు.

నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారని క్లబ్బులు అడుగుతాయి. ఎవరూ ఆడకపోయినా గడ్డి కోయక తప్పదు కదా. వారం మధ్యలో ఖాళీగా ఉండే వేళలు పిల్లలకిస్తే అదనంగా అయ్యేది కొంచెమే. బెంగళూరు దగ్గర ఆటగాళ్ల కర్రలు మోసే క్యాడీగా మొదలైన చిక్కరంగప్ప ప్రొఫెషనల్ గోల్ఫర్ అయ్యాడంటే, లోపలికి అడుగుపెట్టే వీలు దొరికింది కాబట్టే. ఇక గోల్ఫ్ మైదానం కట్టలేని చోట కూడా, కుప్పం బడి మైదానంలో ఒక వల, నాలుగు పాత గోల్ఫ్ కర్రలు ఉంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు.